విసిరే చెయ్యి ఒకరిది, జవాబుదారీ మరొకరిది: అమెరికా కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో పిచింగ్ కోచ్ ఉద్యోగం

2025 జూన్ 4 రాత్రి ఓక్లహోమా సిటీలో మహిళల కాలేజీ వరల్డ్ సిరీస్ ఫైనల్ మొదటి ఆట జరుగుతోంది. తలపడుతున్నవి టెక్సస్ టెక్, టెక్సస్ అనే రెండు వేర్వేరు విశ్వవిద్యాలయాల జట్లు. టెక్సస్ టెక్ 1-0తో ముందుంది. ఆరో ఇన్నింగ్స్‌లో టెక్సస్ జట్టు రన్నర్లు ఇద్దరు బేస్‌ల మీద ఉండగా, ఆ జట్టులోని ప్రమాదకరమైన బ్యాటర్ రీస్ అట్‌వుడ్ ప్లేటు దగ్గరికి వచ్చింది. ఆమెకు కొట్టే అవకాశమే ఇవ్వకుండా, నాలుగు బంతులు ప్లేటుకు దూరంగా వేసి ఊరికే మొదటి బేస్‌కు పంపేయాలని టెక్సస్ టెక్ నిర్ణయించుకుంది. మూడు బంతులు అనుకున్నట్టే దూరంగా వెళ్ళాయి. నాలుగోది చేతికి అందేంత దగ్గరగా వచ్చింది, అట్‌వుడ్ దాన్ని ఎడమవైపు మైదానంలోకి కొట్టింది, ఇద్దరు రన్నర్లూ ప్లేటు చేరి పరుగులు చేశారు, ఆట 2-1తో టెక్సస్ వశమైంది. ఆ బంతి వేసిన నైజరీ కనాడీ అప్పటికే దేశమంతా తెలిసిన పిచర్, అంటే బంతి విసిరే క్రీడాకారిణి. స్టాన్‌ఫర్డ్ నుంచి టెక్సస్ టెక్‌కు మారడానికి ఆమెకు పది లక్షల డాలర్లకు పైగా ముట్టిందన్న వార్త క్రితం ఏడాదే ఆటను దాటి సాధారణ పాఠకుల దాకా వెళ్ళింది.

ఆ బంతి తర్వాత చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: తప్పు విసిరిన అమ్మాయిదా, విసరమన్నవారిదా? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు దొరకకపోవడంలోనే పిచర్లకు శిక్షణ ఇచ్చే పిచింగ్ కోచ్ అనే వృత్తి స్వభావమంతా ఉంది. బంతి తన చేతిలో ఉండదు, తుది నిర్ణయం చాలాసార్లు తనది కాదు, ఫలితం మాత్రం తన పేరు పక్కన నమోదవుతుంది. ఇలాంటి పనిలోకి ఎవరు వస్తారు, ఎలా ఎదుగుతారు, వారు మంచివారో కాదో ఎవరు ఎలా తేలుస్తారు అన్నవి విడివిడి ప్రశ్నల్లా కనిపించినా, ఒకదాని ముడి విప్పితే గాని రెండోది వీడదు.

ఆట గురించి ముందుగా తెలియాల్సింది

సాఫ్ట్‌బాల్ 1887లో షికాగోలోని ఒక బోట్ క్లబ్బులో, చలికాలంలో ఇంటి లోపల ఆడుకునే బేస్‌బాల్‌గా పుట్టింది. ఇప్పుడు అమెరికా కాలేజీల్లో అమ్మాయిలు ఆడేది ఫాస్ట్‌పిచ్ అనే రూపం. ఇందులో బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, బేస్‌కూ బేస్‌కూ మధ్య దూరం 60 అడుగులు, ఆట ఏడు ఇన్నింగ్స్. పిచర్ ఎత్తైన మట్టిదిబ్బ మీద కాకుండా, 8 అడుగుల వ్యాసార్ధమున్న సమతలమైన వలయంలో నిలబడి, చేతిని భుజం చుట్టూ గాలిమరలా పూర్తిగా తిప్పి, తుంటి దగ్గర కిందినుంచి బంతి వదులుతుంది. అందుకే ఆటలో ఉన్నవారు మంచి పిచర్ గురించి చెప్పేటప్పుడు ‘సర్కిల్‌లో ఎవరున్నారు’ అంటారు.

కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ మహిళల సాఫ్ట్‌బాల్ ఛాంపియన్‌షిప్‌ను 1982లో మొదలుపెట్టింది. విద్యాసంస్థల్లో స్త్రీపురుష వివక్షను నిషేధించిన టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చి పదేళ్ళయ్యాక జరిగిన మార్పు ఇది. 1990 నుంచి, 1996 మినహా, తుది పోటీలు ఓక్లహోమా సిటీలోనే జరుగుతున్నాయి. పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో దాదాపు 300 జట్లున్నాయి. కాబట్టి మనం మాట్లాడుకునే ఉద్యోగాలు కూడా, ఆ స్థాయిలో, కొన్ని వందలకు మించవు.

క్రికెట్‌తో పోలిస్తే మన పాఠకులకు ఒక తేడా వెంటనే అందుతుంది. క్రికెట్‌లో బౌలింగ్ భారాన్ని నలుగురైదుగురు పంచుకుంటారు, పిచ్ తీరు సగం కథ చెబుతుంది, ఏ బంతి వేయాలో బౌలరూ కెప్టెనూ మైదానంలోనే తేల్చుకుంటారు. సాఫ్ట్‌బాల్‌లో ఒకే పిచర్ ఆట మొత్తాన్ని మోయడం నిన్నమొన్నటి దాకా మామూలు విషయం, బంతి నేలను తాకదు, ప్రతి బంతికీ సంకేతం సాధారణంగా జట్టు కూర్చునే డగౌట్ నుంచి వస్తుంది. బౌలింగ్ కోచ్‌కు ఆట మొదలయ్యాక చేయగలిగింది తక్కువ. పిచింగ్ కోచ్‌కు అసలు పని అప్పుడే మొదలవుతుంది.

43 అడుగుల లెక్క

కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో పిచర్ నిలబడే పలక నుంచి ప్లేటుకు దూరం 43 అడుగులు. బేస్‌బాల్‌లో అది 60 అడుగుల 6 అంగుళాలు. వేగం మాత్రమే చూసేవారికి సాఫ్ట్‌బాల్ నెమ్మదిగా అనిపిస్తుంది గాని, బ్యాటర్‌కు కావాల్సింది వేగం కాదు, సమయం. ఒక లెక్క చూద్దాం. గంటకు 70 మైళ్ళ వేగమంటే సెకనుకు సుమారు 103 అడుగులు. పిచర్ ముందుకు దూకి అడుగు వేసి బంతి వదిలేసరికి దాదాపు 6 అడుగులు కలిసి వస్తాయి కాబట్టి, బంతి ప్రయాణించేది 37 అడుగులు. గాలి నిరోధాన్ని పక్కన పెడితే 0.36 సెకను పడుతుంది. గంటకు 95 మైళ్ళ బేస్‌బాల్ బంతికి అదే లెక్కలో 0.39 సెకను దొరుకుతుంది. గంటకు 140 కిలోమీటర్ల క్రికెట్ బంతి ఒక పాపింగ్ క్రీజు నుంచి రెండో క్రీజుకు చేరడానికి, నేలను తాకి తగ్గే వేగాన్ని కలపకుండానే, 0.45 సెకను తీసుకుంటుంది.

ఈ లెక్కలోనే పిచింగ్ కోచ్ పనికి పునాది ఉంది. 70 మైళ్ళ బంతి వేసే పిచర్ అదే చేతి కదలికతో 52 మైళ్ళ నెమ్మది బంతి, అంటే చేంజప్, వేయగలిగితే, ఆ బంతికి 0.48 సెకనుకు పైగా పడుతుంది. తేడా సెకనులో ఎనిమిదో వంతు కూడా కాదు. కానీ మొదటి బంతికి సిద్ధమైన బ్యాటర్ బ్యాటు అప్పటికే తిరిగిపోయి ఉంటుంది. అయితే చెయ్యి నెమ్మదించినట్టు ముందుగా ఏమాత్రం పసిగట్టినా బ్యాటర్‌కు అది బహుమానంలాంటి బంతి. చెయ్యి వేగం తగ్గకుండా బంతి వేగం తగ్గించడం ఎలాగో నేర్పడానికి నెలలు పడతాయి, కొందరికి ఏళ్ళు. కోచ్ జీతంలో పెద్ద భాగం ఈ ఓపికకే అనుకోవచ్చు.

రోజూ చేసే పని, అందులోని వాదాలు

పిచర్ల చేతిలో ఉండే బంతులకు కొన్ని స్థిరమైన పేర్లున్నాయి. ప్లేటు దగ్గర కిందికి జారేది డ్రాప్‌బాల్, కుడిచేతి పిచర్ వేస్తే కుడిచేతి బ్యాటర్‌కు దూరంగా వంగేది కర్వ్, లోపలికి వచ్చేది స్క్రూబాల్, పైకి లేచినట్టు కనిపించేది రైజ్‌బాల్. ఈ చివరిదాని చుట్టూ ఉన్న వివాదం ఈ వృత్తి ఎటునుంచి ఎటు నడుస్తోందో బాగా చూపిస్తుంది.

రైజ్‌బాల్ నిజంగానే చివర్లో పైకి ఎగురుతుందని తరాల తరబడి పిచర్లూ కోచ్‌లూ నమ్మారు, కొట్టబోయి తప్పిన బ్యాటర్లూ అదే చెబుతారు. భౌతికశాస్త్రం చెప్పేది కాస్త వేరు. 0.36 సెకనులో గురుత్వాకర్షణ ఏ బంతినైనా సుమారు 2 అడుగులు కిందికి లాగుతుంది. బంతి దారి పైకి వంగాలంటే, వెనక్కి తిరిగే స్పిన్ వల్ల పుట్టే ఎత్తుడు బలం బంతి బరువును మించాలి. తుంటి ఎత్తు నుంచి పైకి గురిపెట్టి వదిలిన బంతి మొదటినుంచీ ఎక్కుతూనే వస్తుంది, మంచి వెనుక స్పిన్ ఉంటే బ్యాటర్ మెదడు ఊహించినంతగా పడిపోదు. ఆ తేడానే కన్ను ‘ఎగరడం’గా చదువుతుంది. రాప్సోడో, ట్రాక్‌మ్యాన్ వంటి కొలత పరికరాలు పిచర్లు సాధన చేసే బుల్‌పెన్‌లోకి వచ్చాక మరో విషయం బయటపడింది: రైజ్‌బాల్ అని పేరు పెట్టుకున్న చాలా బంతులు వెనక్కి తిరగడం లేదు, తుపాకీ గుండులా ప్రయాణించే దిశ చుట్టూ తిరుగుతున్నాయి. అలాంటి స్పిన్ బంతిని పైకి ఎత్తలేదు. దీంతో ‘అసలైన రైజ్’ ఎవరిదన్న లెక్కలు మొదలయ్యాయి. పాత కోచ్‌ల వాదనను కూడా తోసిపుచ్చలేం: బ్యాటర్లు దాని కింద బ్యాటు తిప్పి తప్పుతున్నంత కాలం, స్పిన్ అక్షం ఎటు తిరిగితే ఏమిటని వారు అడుగుతారు.

రెండో వాదం చేతి కదలిక గురించి. బంతి వదిలాక మోచేతిని ముందుకు, బ్యాటర్‌ను పలకరిస్తున్నట్టు పైకి ఎత్తి ముగించాలని ఒక పద్ధతి ఎన్నో ఏళ్ళు చిన్నపిల్లలకు నేర్పారు. దానికి ‘హలో ఎల్బో’ అని పేరు. అత్యున్నత స్థాయి పిచర్ల వీడియోలు నెమ్మదిగా తిప్పి చూస్తే వారు అలా చేయడం లేదని, ముంజేయి తుంటిని రాసుకుంటూ వచ్చి లోపలికి తిరుగుతూ వదులుతోందని ‘ఇంటర్నల్ రొటేషన్’ వర్గం చూపించింది. ఈ వాదంలో సాక్ష్యం రెండో వర్గం వైపే బలంగా ఉందని నా అభిప్రాయం. కానీ కాలేజీ కోచ్‌కు ఎదురయ్యే చిక్కు ఏ పద్ధతి సరైనదన్నది కాదు. పదేళ్ళ వయసు నుంచి ఒక ప్రైవేటు గురువు దగ్గర, తల్లిదండ్రులు వారం వారం ఫీజు కట్టి నేర్పించిన అలవాటుతో పద్దెనిమిదేళ్ళ అమ్మాయి తన ముందుకు వస్తుంది. ఆ అలవాటుతోనే ఆమె హైస్కూల్లో వందల స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ను ఔట్ చేయడం) సాధించింది. దాన్ని ఇప్పుడు మార్చాలా? మారిస్తే మొదటి ఆరు నెలలు ఆమె ముందుకన్నా అధ్వానంగా విసురుతుంది, ఆ ఆరు నెలల్లో సీజన్ మొదలవుతుంది. మార్చకపోతే మూడో ఏట భుజం నొప్పి రావచ్చు. పైగా సీజన్‌లో వారానికి 20 గంటలు, సీజన్ లేనప్పుడు 8 గంటలు మాత్రమే ఆటగాళ్ళ సమయాన్ని తీసుకోవచ్చన్న ఎన్‌సీఏఏ నియమం ఉంది. బ్యాటింగ్, ఫీల్డింగ్, వ్యాయామం, వీడియో అన్నీ అందులోనే. ఒక్కో పిచర్‌కు ఒంటరిగా దొరికే కోచ్ సమయం ఎంత తక్కువో ఇక ఊహించుకోవచ్చు.

ఏ బంతి వేయాలో ఎవరు చెబుతారు

డివిజన్ వన్‌లో అత్యధిక జట్లలో సంకేతం డగౌట్ నుంచే వెళుతుంది. పిచింగ్ కోచ్ ఒక అంకె చెబుతుంది, ప్లేటు వెనుక బంతి పట్టే క్యాచరూ పిచరూ మణికట్టుకు కట్టుకున్న పట్టీ మీది కార్డులో ఆ అంకెకు ఎదురుగా ఉన్న బంతినీ చోటునూ చదువుకుంటారు. ఎదుటి జట్టు కనిపెట్టకుండా కార్డులు మారుస్తుంటారు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ పరికరాలకూ చోటు దొరికింది. ఆ అంకె వెనుక రాత్రి పొద్దుపోయేదాకా చూసిన వీడియోలుంటాయి: ఫలానా బ్యాటర్ రెండు స్ట్రైకులు పడ్డాక బయటి బంతిని వెంటాడుతుందా, మొదటి బంతినే బాదుతుందా, పైకి వచ్చే బంతికి చేతులు కట్టేసినట్టవుతుందా అన్న వివరాలు.

దీన్ని సమర్థించేవారి మాట: ఆట మధ్యలో శ్వాస అందక, జనం అరుపుల మధ్య నిలబడ్డ ఇరవయ్యేళ్ళ అమ్మాయి మీద విసరడంతో పాటు ఆలోచించే భారం కూడా ఎందుకు మోపాలి? సమాచారం డగౌట్‌లో ఉంది, నిర్ణయం అక్కడే జరగాలి. వ్యతిరేకించేవారి మాట: నాలుగేళ్ళూ అంకెలు చదివి విసిరిన పిచర్ తన ఆటను తాను చదవడం నేర్చుకోదు, బ్యాటర్ కాళ్ళ కదలికలో క్యాచర్ మాత్రమే పసిగట్టగలిగిన మార్పు వృథా అవుతుంది. కొన్ని జట్లు మధ్యేమార్గంగా, కోచ్ చెప్పినదాన్ని తల అడ్డంగా ఊపి కాదనే హక్కు పిచర్‌కు ఇస్తాయి. ఆ హక్కు కాగితం మీద ఉండటం వేరు, స్కాలర్‌షిప్ మీద ఆధారపడిన మొదటి సంవత్సరం విద్యార్థిని దాన్ని వాడుకోగలగడం వేరు.

ఈ ఉద్యోగంలోకి మెట్లు

మంచి పిచర్‌గా ఆడి, అదే కాలేజీలో కోచ్‌గా మారడం అందరికీ తెలిసిన దారి. యూసీఎల్‌ఏలో ఆడి 1996, 2000, 2004 ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచిన లీసా ఫెర్నాండెజ్ ఆ తర్వాత తన కాలేజీ కోచింగ్ బృందంలోనే దీర్ఘకాలం పనిచేసింది. టెక్సస్ విశ్వవిద్యాలయపు ఎడమచేతి పిచర్ క్యాట్ ఆస్టర్‌మన్ మూడు ఒలింపిక్స్ ఆడుతూనే, మధ్యలో టెక్సస్ స్టేట్‌లో అసిస్టెంట్ కోచ్‌గా ఉంది. అలబామాలో ఆడిన స్టెఫనీ వాన్‌బ్రేకిల్ ప్రోత్రో అక్కడే పిచింగ్ కోచ్ అయింది, 2012లో ఆ జట్టు టైటిల్ గెలిచింది, తర్వాత ఆమె మెంఫిస్ హెడ్ కోచ్‌గా వెళ్ళింది.

కానీ పిచింగ్ నేర్పాలంటే పిచరే అయి ఉండాలా? ఓక్లహోమాలో ఏళ్ళ తరబడి పిచింగ్ బాధ్యత చూసిన మెలిస్సా లొంబార్డీ ఆడే రోజుల్లో క్యాచర్. ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. విసిరే చెయ్యి ఎలా ఉందో పిచర్ లోపలినుంచి అనుభవిస్తుంది, వచ్చే బంతి ఎలా ఉందో క్యాచర్ ఎదురుగా చూస్తుంది. ఎన్నో రకాల పిచర్లను పట్టిన క్యాచర్‌కు తన చెయ్యి పద్ధతే సరైనదన్న పట్టుదల ఉండదు. ఫెర్నాండెజ్ వంటి అసామాన్యులకు సహజంగా అబ్బినదాన్ని మాటల్లో పెట్టడమే కష్టం కావచ్చు అన్న వాదన కూడా వినిపిస్తుంది, దాన్ని నిరూపించడం మాత్రం ఎవరి తరమూ కాదు.

పేరున్నవారిని వదిలేస్తే, సామాన్యంగా మొదటి మెట్టు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్: పీజీ చదువుకు ఫీజు మినహాయింపు, చిన్న భృతి, చేతినిండా పని. దాని తర్వాతిది మొన్నటిదాకా వాలంటీర్ కోచ్ అనే విచిత్రమైన మెట్టు. 2023 జులై 1కి ముందు డివిజన్ వన్ సాఫ్ట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్‌తో పాటు జీతం తీసుకునే అసిస్టెంట్లు ఇద్దరే ఉండాలి, మూడో వ్యక్తి ఉంటే జీతం లేకుండానే పనిచేయాలి. ఇద్దరిలో ఒకరు బ్యాటింగ్, ఒకరు పిచింగ్ చూస్తే, మూడో వ్యక్తి వేసవి క్యాంపులూ ప్రైవేటు పాఠాలూ చెప్పుకుని బతికేది. కొద్దో గొప్పో ఇంటి ఆసరా ఉన్నవారే ఈ మెట్టు మీద నిలబడగలిగేవారని వేరే చెప్పనక్కర్లేదు. ఆ తేదీ నుంచి ఎన్‌సీఏఏ వాలంటీర్ హోదాను రద్దు చేసి, మూడో అసిస్టెంట్‌కూ జీతం ఇచ్చే వీలు కల్పించింది. సంస్థలన్నీ కలిసి జీతాన్ని సున్నాగా నిర్ణయించడం పోటీ చట్టానికి విరుద్ధమంటూ పాత వాలంటీర్లు వేసిన దావాలు కోట్ల డాలర్ల రాజీలకు దారితీశాయి.

2018 వేసవి: ఒక కుర్చీ కదిలితే

ఈ వృత్తిలో బదిలీలు ఎలా జరుగుతాయో ఒక్క వేసవి చెబుతుంది. న్యూజీలాండ్‌లో పుట్టి, పురుషుల ఫాస్ట్‌పిచ్‌లో పిచర్‌గా పేరు తెచ్చుకుని, ఒరెగాన్ జట్టును తీర్చిదిద్దిన మైక్ వైట్ 2018లో టెక్సస్ హెడ్ కోచ్‌గా వెళ్ళాడు. ఖాళీ అయిన ఒరెగాన్ కుర్చీలోకి ఓక్లహోమా నుంచి మెలిస్సా లొంబార్డీ వచ్చింది. లొంబార్డీ స్థానంలోకి ఓక్లహోమా హెడ్ కోచ్ ప్యాటీ గాసో ఫ్లోరిడా నుంచి జెన్నిఫర్ రోచాను తెచ్చుకుంది. రోచా ఒకప్పుడు గాసో దగ్గరే పిచర్‌గా ఆడింది. ఫ్లోరిడాలో టిమ్ వాల్టన్ బృందంలో ఉండి 2014, 2015 టైటిళ్ళలో పాలుపంచుకుంది. దక్షిణాన ఒక హెడ్ కోచ్ ఉద్యోగం మారితే, మూడు రాష్ట్రాల అవతల పిచింగ్ కోచ్‌లు పెట్టెలు సర్దుకోవలసి వచ్చింది.

కోచ్‌లతో ఆగలేదు. ఒరెగాన్ పిచర్ మిరాండా ఎలిష్ వైట్ వెంట టెక్సస్ వెళ్ళింది. పిచర్ ఒక కాలేజీని ఎంచుకుంటున్నానని చెబుతుంది గాని, చాలాసార్లు ఎంచుకునేది తన చెయ్యి అప్పగించే మనిషిని.

హెడ్ కోచ్‌ను తొలగిస్తే అసిస్టెంట్ల ఉద్యోగాలూ సాధారణంగా దాంతోనే పోతాయి. కొత్తగా వచ్చేవారు తమ మనుషులను తెచ్చుకుంటారు. మూడేళ్ళు, ఐదేళ్ళ ఒప్పందాలు హెడ్ కోచ్‌లకు దొరికినంత తేలిగ్గా అసిస్టెంట్లకు దొరకవు.

మంచి కోచ్ అని ఎలా తేల్చాలి

రోచా వచ్చాక ఓక్లహోమా 2021 నుంచి 2024 దాకా వరుసగా నాలుగు టైటిళ్ళు గెలిచింది. 2023లో 61 గెలిచి ఒక్కటే ఓడింది, ఆ క్రమంలో వరుసగా 53 విజయాలు నమోదు చేసింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అనిపిస్తుంది. కానీ ఆ పిచర్లు ఎవరో చూడాలి. 2021లో గిసెల్ హువారెజ్ అరిజోనా స్టేట్ నుంచి, 2022లో హోప్ ట్రాట్‌వైన్ నార్త్ టెక్సస్ నుంచి, 2023లో అలెక్స్ స్టొరాకో మిషిగన్ నుంచి, 2024లో కెల్లీ మాక్స్‌వెల్ ఓక్లహోమా స్టేట్ నుంచి బదిలీ అయి వచ్చారు. వారంతా వేరేచోట నేర్చుకుని, ఇక్కడ గెలిచారు. అయితే ఘనత ఎవరిది? మొదట నేర్పినవారిదా, వారిని గుర్తించి రప్పించినవారిదా, చివరి మెరుగు దిద్దినవారిదా? వెనుక ఫీల్డింగ్ చేసిన ఏడుగురిదా, పరుగుల వర్షం కురిపించి పిచర్‌కు నిశ్చింత ఇచ్చిన బ్యాటర్లదా?

అంకెలు ఇక్కడ కొంతవరకే తోడొస్తాయి. ఎక్కువగా వాడే కొలత ఈఆర్ఏ, అంటే ఫీల్డర్ల తప్పిదాలు కాకుండా పిచర్ వల్ల వచ్చిన పరుగులను పూర్తి ఆటకు లెక్కగట్టడం. సాఫ్ట్‌బాల్‌లో ఆట ఏడు ఇన్నింగ్స్ కాబట్టి పరుగులను ఏడుతో హెచ్చించి, వేసిన ఇన్నింగ్స్‌తో భాగిస్తారు. ఒక పిచర్ 140 ఇన్నింగ్స్‌లో 30 పరుగులిచ్చిందనుకుందాం, ఆమె ఈఆర్ఏ 1.50. మరుసటి ఏడు అన్నే ఇన్నింగ్స్‌లో 40 పరుగులిచ్చింది, ఈఆర్ఏ 2.00. కోచ్ విఫలమైనట్టేనా? మొదటి ఏడు ఆమె 120 స్ట్రైకవుట్లు చేసి 60 మందికి వాక్ (నాలుగు దూరపు బంతులతో ఊరికే మొదటి బేస్) ఇచ్చింది, రెండో ఏడు 150 స్ట్రైకవుట్లు, 35 వాక్‌లు అనుకుందాం. అంటే పిచర్ స్వయంగా నియంత్రించగలిగిన రెండింటిలోనూ మెరుగైంది, పరుగులు మాత్రం పెరిగాయి. బలమైన జట్లతో ఎక్కువ ఆటలు పడి ఉండవచ్చు, రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్ అయిన షార్ట్‌స్టాప్ చదువు ముగించుకుని వెళ్ళిపోయి ఉండవచ్చు. కోచ్ పనిని చూడాలంటే రెండో జత అంకెలు మేలు. పత్రికలూ దాతలూ చూసేది మాత్రం మొదటి అంకెనే.

అందుకే ఈ రంగంలోని వారు మరో కొలత వాడతారు, అది ఏ పట్టికలోనూ ఉండదు: పెద్దగా ఎవరూ అడగని పిచర్‌ను తీసుకుని, మూడో ఏటికి ఏం చేశారు అన్నది. బదిలీలు తేలికైన ఈ రోజుల్లో ఆ కొలతకూ గడ్డుకాలమే వచ్చింది. బాగుపడిన పిచర్ మూడో ఏట ఎక్కడుంటుందో చెప్పలేం.

భుజం మీద భారం

కింది నుంచి విసరడం శరీరానికి సహజం కాబట్టి సాఫ్ట్‌బాల్ పిచర్ రోజూ విసరవచ్చన్నది చాలాకాలం చెలామణీలో ఉన్న మాట. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆడిన పిచర్ల మీద జరిగిన పరిశోధనలో, భుజాన్ని కీలు నుంచి బయటికి లాగే బలం సగటున శరీర బరువులో 80 శాతం దాకా ఉన్నట్టు తేలింది. బేస్‌బాల్ పిచర్ల భుజం మీద పడే ఒత్తిడితో పోల్చదగ్గ స్థాయి ఇది. అయినా బేస్‌బాల్‌లో బంతుల లెక్క ఒక నిత్యవ్రతంలా మారితే, కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో పిచర్ ఎన్ని బంతులు వేయవచ్చో పరిమితి లేదు.

కనాడీ కథ ఇక్కడికి తిరిగి వస్తుంది. 2025 వరల్డ్ సిరీస్‌లో టెక్సస్ టెక్ తరఫున మూడో ఫైనల్ దాకా ప్రతి బంతీ ఆమే వేసింది. జూన్ 6న జరిగిన ఆ మూడో ఆటలో మొదటి ఇన్నింగ్స్‌లోనే టెక్సస్ ఐదు పరుగులు చేసింది, ఆమెను పక్కకు తప్పించారు, టెక్సస్ 10-4తో గెలిచింది. అలసట వల్లనే అలా జరిగిందని కొందరు, మూడోసారి చూస్తున్న బ్యాటర్లు ఆమె బంతులను చదివేశారని మరికొందరు అన్నారు. రెండు వివరణలూ చివరికి ఒకే నిర్ణయం దగ్గర కలుస్తాయి: మధ్యలో మరొక పిచర్‌తో కొన్ని ఇన్నింగ్స్ వేయించి ఉండాల్సిందా? దానికి సమాధానం ఫైనల్ రోజున పుట్టదు. ఫిబ్రవరిలో, గెలుపు ఖాయమైన ఆటల్లో రెండో, మూడో పిచర్లకు ఎన్ని ఇన్నింగ్స్ ఇచ్చారన్న చోట పుడుతుంది. ఇద్దరు ముగ్గురు పిచర్లతో సీజన్ నడపడమే మేలన్నది ఇప్పుడు బలపడుతున్న అభిప్రాయం. పది లక్షల డాలర్ల చెయ్యి ఉండగా రెండో ఉత్తమ పిచర్‌కు బంతి ఇచ్చి ఓడిన కోచ్‌ను ఎవరు క్షమిస్తారన్నది దానికి ఎదురయ్యే ప్రశ్న.

డబ్బు, పోర్టల్, పాతికమంది పరిమితి

కనాడీ ఒప్పందం విలువ 10,50,024 డాలర్లుగా వార్తల్లోకి వచ్చింది. చివరి 24 ఆమె జెర్సీ నంబరు. ఇది విశ్వవిద్యాలయం ఇచ్చే జీతం కాదు, ఆటగాళ్ళ పేరు, రూపం, గుర్తింపును వాడుకున్నందుకు దాతల సమూహం ఇచ్చే సొమ్ము. విచిత్రంగా, ఆమె మూడో ఫైనల్ ఆడిన రోజే, 2025 జూన్ 6న, కాలేజీలు నేరుగా ఆటగాళ్ళకు ఆదాయంలో వాటా ఇవ్వడానికి వీలు కల్పించే హౌస్ కేసు రాజీని న్యాయమూర్తి ఆమోదించారు. అందులో చేరిన ఒక్కో సంస్థ 2025-26లో అన్ని క్రీడలకూ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచవచ్చు. సాఫ్ట్‌బాల్‌లో 12 పూర్తి స్కాలర్‌షిప్‌ల పాత పరిమితి పోయి, జట్టులో 25 మందికి మించకూడదన్న కొత్త పరిమితి వచ్చింది.

పిచింగ్ కోచ్‌కు దీని అర్థం ఏమిటి? పాతికమందిలో ఐదారుగురికి మించి పిచర్లను ఉంచుకోవడం కష్టం. నెమ్మదిగా పదును పెట్టుకోవాల్సిన మొదటి ఏడు పిచర్‌కు చోటు ఇవ్వాలా, కాలేజీ మారదలచినవారి జాబితా అయిన పోర్టల్ నుంచి అనుభవమున్న ఇరవై రెండేళ్ళ పిచర్‌ను తేవాలా అన్నది ఏటా వేసవిలో తేల్చుకోవాలి. హైస్కూల్ విద్యార్థినులతో పదకొండో తరగతి సెప్టెంబరు 1కి ముందు మాట్లాడకూడదన్న నియమం 2018లో వచ్చాక, పన్నెండేళ్ళ పిల్లల చుట్టూ తిరిగే పాత ధోరణి తగ్గింది. దాని స్థానంలో సొంత జట్టు పిచర్లనే ఏటా మళ్ళీ ఒప్పించుకోవాల్సిన పని వచ్చింది. ఓక్లహోమాకు 2023 టైటిల్ తెచ్చిన జోర్డీ బాల్ ఆ వెంటనే సొంత రాష్ట్రమైన నెబ్రాస్కాకు వెళ్ళిపోయింది. గెలుపు కూడా పిచర్‌ను కట్టిపడేయదు.

పిచర్ సంపాదన తన జీతాన్ని మించిపోయిన చోట కోచ్ మాటకు బరువు ఎంత ఉంటుందన్న ప్రశ్న కొందరు పైకి, మరికొందరు లోలోపల అడుగుతున్నారు. క్రికెట్‌లో ఐపీఎల్ వచ్చిన కొత్తలో మనం విన్న మాటే ఇది. అక్కడ ఆటగాళ్ళు వృత్తి నిపుణులు, ఇక్కడ డిగ్రీ విద్యార్థినులు.

ఉద్యోగంలో నిలిచేది ఎవరు

1972లో అమెరికా కాలేజీల్లో మహిళా జట్ల కోచ్‌లలో 90 శాతానికి పైగా మహిళలే. జట్లకు డబ్బూ గౌరవమూ పెరిగాక ఆ ఉద్యోగాలకు పురుషులూ పోటీ పడ్డారు, 2014 నాటికి మహిళల వాటా 43 శాతం దగ్గరికి పడింది. పిచింగ్ కోచ్ పని ఫిబ్రవరి నుంచి జూన్ దాకా దాదాపు ప్రతి వారాంతం ప్రయాణం, వేసవిలో పిల్లల టోర్నమెంట్ల చుట్టూ తిరగడం, శీతకాలంలో క్యాంపులు. చిన్నపిల్లలున్న తల్లులు ముప్పై దాటాక ఈ రంగం వదిలేసి, ఇంటి దగ్గరే ప్రైవేటు పాఠాలు చెప్పుకోవడం వింతేమీ కాదు. ఆదాయం, విశ్రాంతి రెండింటిలోనూ అది కొందరికి మెరుగైన బేరం.

మన దగ్గర అనంతపురంలో గ్రామీణాభివృద్ధి ట్రస్టు శిక్షణ వల్లా, స్కూల్ గేమ్స్ వల్లా సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలున్నారు. అక్కడ పిచింగ్ నేర్పేది తరచుగా జట్టు మొత్తానికీ ఒక్కరే అయిన కోచ్. పిచర్ కోసమే వేరుగా జీతమిచ్చి ఒక మనిషిని పెట్టడం ఎంత సంపన్నమైన ఏర్పాటో ఆ పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

అమెరికాలోనూ డిగ్రీ ముగిశాక పిచర్‌కు ఇన్నాళ్ళూ మిగిలినవి జపాన్ లీగ్, నిలకడలేని స్వదేశీ లీగ్‌లు, లేదా కోచింగ్. 2025 జూన్‌లో నాలుగు జట్లతో మొదలైన అథ్లెట్స్ అన్‌లిమిటెడ్ సాఫ్ట్‌బాల్ లీగ్‌కు మేజర్ లీగ్ బేస్‌బాల్ పెట్టుబడి ఉంది, బేస్‌బాల్ జట్టుకు జనరల్ మేనేజర్‌గా చేసిన కిమ్ ఎంగ్ దానికి కమిషనర్. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ తిరిగి వస్తోంది, ఆ ఆటలు జరిగేది కూడా ఓక్లహోమా సిటీలోనే. లీగ్ నిలబడితే, ఇరవై రెండేళ్ళకే కోచింగ్ బెంచీ మీదికి చేరాల్సిన పిచర్లు ఇంకొన్నేళ్ళు సర్కిల్‌లో ఉంటారు. వేసవిలో విసిరి, ఆగస్టులో కాలేజీకి తిరిగొచ్చి, తమకన్నా నాలుగేళ్ళు చిన్నవారికి చేంజప్ నేర్పేవారు అప్పుడు ఇప్పటికన్నా ఎక్కువగా కనిపిస్తారు.